మొదటి స్క్రీన్‌కు ఎవరూ చెప్పలేదు

మా పెద్దమ్మ చేతిలో సుద్దముక్క లేకుండా నేను చూసిన రోజులు తక్కువ. అలాగని ఆవిడ టీచరు కాదు. బందరు నుంచి ఆటోలో అరగంట ప్రయాణం చేస్తే సముద్రం పక్కన మా ఊరు వస్తుంది. ఊరి మొదట్లోనే బోటు యజమానుల సంఘానికి ఒక గది ఉండేది. అందులో ఒక ఫోను, ఒక నల్లబల్ల, కాళ్ళు కదిలే ఒక బెంచీ. పొద్దున్నే బందరు వెళ్ళి ఎండుచేపలు అమ్ముకుని వచ్చాక, మా పెద్దమ్మ తిన్నగా ఇంటికి రాకుండా ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేది. ఏ బోటు ఏ రోజు వేటకు వెళ్ళింది, దాంట్లో ఎంతమంది ఉన్నారు, తిరిగి వచ్చిందా లేదా, ఇదంతా బల్ల మీద గళ్ళు గీసి రాసేది. ఆ పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదు. ఏడో తరగతి దాకా చదివింది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నోరు మంచిది. అందుకని ఎవరూ వద్దనలేదు.

సెల్‌ఫోన్లు మా తీరానికి కొత్తగా వచ్చిన రోజులవి. సముద్రం లోపల ఉన్నంతసేపూ ఆ ఫోన్లు పనిచేసేవి కావు. తిరుగు ప్రయాణంలో ఒడ్డు సన్నటి గీతలా కనబడే దూరానికి వచ్చాక సిగ్నల్ అందేది. అందగానే సరంగు, అంటే బోటు నడిపే మనిషి, సంఘం గదికి ఫోన్ చేసేవాడు.

"వదినా, వచ్చేస్తన్నాం. అందరం బాగున్నాం."

అంతే, ఇంకో మాట ఉండేది కాదు. పెద్దమ్మ బల్ల మీద ఆ బోటు గడి తుడిచి "వచ్చింది" అని రాసేది. ఆ తర్వాత చెప్పులేసుకుని, ఆ బోటులో వెళ్ళిన మనుషుల ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పి వచ్చేది. ఎండయినా వానయినా అంతే.

నేను అప్పుడు గుడివాడ దగ్గర ఒక కాలేజీలో ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఇళ్ళల్లో అంత చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి ఎవరూ గుర్తు చేయకపోయినా నాకు రోజూ గుర్తుండేది. ఆఖరి ఆరు నెలలూ ప్రాజెక్టు చేయాలి. నా తోటివాళ్ళు లైబ్రరీల మీదా హాస్టళ్ళ మీదా చేస్తుంటే, నేను మా పెద్దమ్మ నల్లబల్లను సెల్‌ఫోన్‌లోకి తెస్తానన్నాను. మీటలు నొక్కే ఫోన్లలో కూడా జావాలో రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు నడుస్తాయని అప్పుడప్పుడే తెలుస్తోంది. మాకు జావా చెప్పే సార్ ఒక్కరే ఆ మాట విని నవ్వలేదు.

ఆయన చల్లపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ల్యాబ్‌లో తిరిగేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు. ఎవరి ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోయినా ఆయన వాళ్ళ కీబోర్డు ముట్టుకునేవారు కాదు. "నువ్వు రాసింది నువ్వే పైకి చదువమ్మా" అనేవారు. మొదట్లో మాకది చాదస్తంగా ఉండేది. చదువుతూ చదువుతూ సగంలో మన తప్పు మన నోటికే తగిలి ఆగిపోయేవాళ్ళం. అప్పుడాయన ఏమీ అనకుండా పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయేవారు.

సంఘం వాళ్ళు రంగుల స్క్రీన్ ఉన్న ఒక ఫోన్ కొన్నారు. నేను రెండు స్క్రీన్లతో ప్రోగ్రాము తయారుచేశాను. మొదటి స్క్రీన్‌లో బోట్ల వరస. ప్రతి బోటు పక్కనా "సముద్రంలో" అనో "వచ్చింది" అనో ఉంటుంది. ఫోన్‌లో తెలుగు రాదు కాబట్టి ఆ మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. ఒక బోటు మీద నొక్కితే రెండో స్క్రీన్ తెరుచుకుంటుంది. అందులో ఆ ఒక్క బోటు వివరాలే ఉంటాయి. ఎంతమంది వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళారు, వచ్చారా లేదా. అక్కడ మార్చి సేవ్ నొక్కితే ఫోన్ గుర్తుంచుకుంటుంది.

అదంతా చేయడానికి నాకు ఎంత కాలం పట్టిందో ఈ రోజుల్లో చెబితే నమ్మరు. ప్రోగ్రాము కాలేజీ ల్యాబ్‌లో రాయాలి. పెన్ డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కి బందరు రావాలి. కోనేరు సెంటర్‌లో ఒక సెల్ షాపు ఆయన కంప్యూటర్‌లోంచి బ్లూటూత్‌తో ఫోన్‌లోకి ఎక్కించి పెట్టాలి. తర్వాత ఆటోలో మా ఊరు. ఎక్కడైనా ఒక్క అక్షరం తప్పు పడిందంటే మళ్ళీ మర్నాడే. ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో రోజు.

ఫోన్ పెద్దమ్మ చేతికిచ్చిన రోజు ఆవిడ కొంగుతో దాన్ని తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, గంటలో అన్నీ నేర్చుకుంది. నేర్చుకున్న పది నిమిషాలకే నన్ను పిలిచింది.

"ఇదిగో, ఇక్కడ వచ్చిందని పెట్టాను. సేవ్ అన్నాను. వెనక్కొస్తే ఇంకా సముద్రంలోనే అంటందేంటే?"

నాకా సంగతి తెలుసు. ల్యాబ్‌లోనే చూశాను. దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. "ఓసారి మొత్తం మూసేసి మళ్ళీ తెరువు పెద్దమ్మా, అప్పుడు సరిగ్గా వస్తుంది" అన్నాను.

ఆవిడ మూసి తెరిచింది. సరిగ్గానే వచ్చింది. అయినా మొహం విప్పారలేదు.

"అది కాదే. బోటు వచ్చిందని ఒకచోటా రాలేదని ఒకచోటా ఉంటే, అడిగినోళ్ళకి నేనేది చెప్పాలి?"

"నీకు తెలుసుగా, రెండోదే నిజం."

"నాకు తెలుసు. ఇంకొకళ్ళు చూస్తే?"

"ఇంకెవరు చూస్తారు?" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది. పైగా, ఇక బల్లతో పనేముంది అని ఆ సాయంత్రం నేనే తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచేశాను. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది గానీ, నా ఉత్సాహం చూసి ఏమీ అనలేదు.

మూడు వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఒక శనివారం పొద్దున బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్పారు. బందరు ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. మా ఊరి బోట్లు పదకొండు అప్పటికే లోపల ఉన్నాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. గాలి ఇసుకను లేపి మొహాన కొడుతోంది. పెద్దమ్మ ఫోన్ ఎత్తడం, మార్చడం, ఇళ్ళకు పరుగెత్తడం. నాకు కాలేజీ లేదు, నేనూ గదిలోనే ఉన్నాను.

మూడు గంటలప్పుడు పచ్చ రంగు బోటు సరంగు ఫోన్ చేశాడు. పెద్దమ్మ రెండో స్క్రీన్‌లో "వచ్చింది" అని పెట్టి, సేవ్ చేసి, వెనక్కి నొక్కి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "నేనెళ్ళి చెప్పొస్తా, నువ్విక్కడే ఉండు" అని వెళ్ళిపోయింది. ఆ బోటులో వెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఊరి రెండో చివర ఉన్నాయి. నేను అప్పుడు ఇంకో బోటు ఇంటివాళ్ళకు సమాధానం చెబుతూ, పెద్దమ్మ ఏ బోటు గురించి వెళ్ళిందో సరిగా వినలేదు.

ఆవిడ ఒక దారిన వెళ్ళింది. ఇంకో దారిన పచ్చ బోటు సరంగు భార్య గదికి వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. చెంగు తలచుట్టూ బిగించి కట్టుకుంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మా బోటు సంగతి తెలిసిందా?"

నేను ఫోన్ చూశాను. మొదటి స్క్రీన్ తెరిచే ఉంది. మూసి మళ్ళీ తెరవాలన్నది ఆ హడావుడిలో నాకు తట్టలేదు. పచ్చ బోటు పక్కన "సముద్రంలో" అని ఉంది.

"ఇంకా రాలేదక్కా" అన్నాను.

ఆమె చెంగు ఇంకా బిగించుకుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఇంటికే వెళ్తోందనుకున్నాను. ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఏరు సముద్రంలో కలిసేచోటును మేము మొగ అంటాం, బోట్లన్నీ అక్కడి నుంచే లోపలికి రావాలి. ఆమె సరుగుడు తోటలోంచి ఆ మొగ వైపు నడిచింది.

పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది, మనిషి లేదు. పక్కింటివాళ్ళు గదికి వెళ్ళిందన్నారు. పెద్దమ్మ వెనక్కి వచ్చి, "ఇక్కడికొచ్చిందా? చెప్పావా?" అని అడిగింది.

"వచ్చింది. రాలేదని చెప్పాను."

"ఏంటి రాలేదని?"

"వాళ్ళ బోటు."

పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది. "పద" అంది. అప్పటికి వాన మొదలైంది. దారిలో అందరినీ ఆమె కోసం అడుగుతూ ఇద్దరం పరుగెత్తాం. ఈలోగా, ఆమె ఇంకా తోటలో ఉండగానే మొగ దాటి వచ్చేసిన సరంగు కూడా ఒడ్డుకు చేరి, ఇంట్లో భార్య కనబడక, అటే వెతుక్కుంటూ వచ్చాడు. గంటన్నర తర్వాత ఆమె మాకు మొగకు ఇవతల ఇసుకలో కనబడింది. కాలికి ఆల్చిప్ప గీరుకుని రక్తం కారుతోంది. అదేమీ ఆమెకు పట్టినట్టు లేదు. సముద్రం వైపే చూస్తూ నిలబడి ఉంది. వెనకనుంచి మొగుడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి, ఆ మనిషిని చూసి, ముందు నమ్మలేదు. అతని చొక్కా పట్టుకుని లాగి చూసింది. తర్వాత ఇసుకలో కూలబడి ఏడ్చింది.

కొంచెం తేరుకున్నాక నా వైపు చూసి, "గంటన్నరసేపు ఈ మనిషి లేడనే అనుకున్నాను గదే" అంది. తిట్టినట్టు లేదు. నాకు ఒక సంగతి తెలియజెప్పినట్టుగా ఉంది, అంతే.

చీకటి పడకముందే బోట్లన్నీ చేరాయి. పెద్దమ్మ గదికి వచ్చి, సుద్దముక్క వెతికి తీసి, నల్లబల్ల మీద మళ్ళీ గళ్ళు గీసింది. పదకొండు బోట్లూ రాసింది. అన్నిటి పక్కనా "వచ్చింది" అని రాసింది. నేను బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. ఫోన్ సముద్రంలో పారేయాలని ఉంది. ప్రాజెక్టు మానేస్తానని చెప్పాను.

అప్పుడు పెద్దమ్మ నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. మా పెద్దమ్మా అమ్మా పుట్టింది దివిసీమలో, పాలకాయతిప్పకు దగ్గర్లో. ఉప్పెన వచ్చినప్పుడు పెద్దమ్మకు పెళ్ళీడు.

"నాన్న ఆ రోజు పొలంపని మీద అవనిగడ్డ వైపెళ్ళాడు. మేం గుడి కప్పెక్కి బతికాం. నాన్న పోయాడనే అనుకున్నాం. పదకొండు రోజులు మా అమ్మ ఏడిచింది. పన్నెండో రోజున నాన్న నడుచుకుంటా వచ్చాడు. తీరా చూస్తే, నాన్న బతికున్నాడని మూడో రోజుకే పక్కూరివాళ్ళకి తెలుసు. కళ్ళతో చూశారు. మాకు తెలిసే ఉంటదిలే అనుకున్నారంట. ఎవరిమీదా తప్పు లేదు. చెప్పేవాళ్ళు లేరు, అంతే."

సుద్దముక్క బల్ల కింద పెట్టి అంది: "నీ ఫోనూ అంతే. దాంట్లో ఒకచోట నిజం ఉంది. ఇంకోచోటికి చెప్పేవాళ్ళు లేరు. మానేస్తే ఎట్లా? చెప్పించు."

సోమవారం కాలేజీకి వెళ్ళాను. జరిగింది సార్‌కు చెప్పాను. ఆయన ఓదార్చలేదు. కుర్చీ జరిపి, "చదువమ్మా" అన్నారు.

చదివాను. మొదటి స్క్రీన్ పుట్టేటప్పుడు ఫోన్ గుర్తులోంచి బోట్ల వివరాలు తెచ్చుకుని తన మీద రాసుకుంటుంది. ఒక్కసారే. రెండో స్క్రీన్ సేవ్ చేసినప్పుడు ఫోన్ గుర్తులో మారుస్తుంది. తర్వాత మొదటి స్క్రీన్‌ను మళ్ళీ ముందుకు తెస్తుంది.

"ముందుకు తెచ్చింది ఎవరిని?" అన్నారు సార్.

"పాత స్క్రీన్‌నే సార్."

"మారిందని దానికి ఎవరు చెప్పారు?"

నేను ఇంకోసారి చదివాను. ఎవరూ చెప్పలేదు. మొత్తం ప్రోగ్రాములో అలాంటి వాక్యమే లేదు.

ఆ సాయంత్రమే గాభరాగా దిద్దేశాను. రెండో స్క్రీన్‌లో సేవ్ నొక్కగానే మొదటి స్క్రీన్‌ను కొత్తగా తయారుచేసి చూపించేలా రాశాను. కొత్త స్క్రీన్ పుట్టేటప్పుడు కొత్త వివరాలే తెచ్చుకుంటుంది కదా. బాగా పనిచేసింది. పెద్దమ్మ చేతికిచ్చాను. ఆవిడ ఈసారి నన్ను నమ్మలేదు. ఒకే బోటును వచ్చిందనీ రాలేదనీ మార్చి మార్చి చూసింది. ఇరవైసార్లు మార్చేసరికి ఫోన్ మెమరీ చాలదని చెప్పి ప్రోగ్రాము మూసేసింది. అదీకాక మార్చిన ప్రతిసారీ, ఏ బోటు మీద ఉన్నామో చూపే గుర్తు మళ్ళీ వరసలో మొదటి బోటు మీదికి వెళ్ళి కూర్చుంటోంది. "కింద బోటు మార్చి రాగానే నేనెక్కడున్నానో మర్చిపోతంది" అంది పెద్దమ్మ.

ఆ రెండు మాటలూ సార్‌కు చెప్పాను. ఆయన కళ్ళల్లో మొదటిసారి వెలుగు చూశాను.

"ఇరవైసార్లు మార్చి చూసిందా ఆవిడ? మనం ల్యాబ్‌లో రెండుసార్లు చూసి వదిలేస్తాం" అన్నారు. "నువ్వు ప్రతిసారీ కొత్త స్క్రీన్ పుట్టించావు. పాతవన్నీ లోపలే ఉండిపోయాయి. నీకు కావలసింది ఇంకో స్క్రీన్ కాదు, ఉన్న స్క్రీన్‌కే కబురు." తర్వాత నేను అనుకోని మాట అన్నారు. "ఈ ఆదివారం మీ ఊరొస్తాను. ఆవిడ పనిచేసేది చూడకుండా నేనేం చెప్పినా సగమే అవుతుంది."

చెప్పినట్టే వచ్చారు. చల్లపల్లి నుంచి బస్సులో బందరు, అక్కడి నుంచి ఆటో. బెంచీ మీద ఒక చివర కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మధ్యాహ్నం దాకా ఏమీ మాట్లాడకుండా చూశారు. పెద్దమ్మకు మొదట మొహమాటంగా ఉంది. కాసేపటికి మర్చిపోయి తన పనిలో పడింది. ఆ రోజు నాలుగు బోట్లు వచ్చాయి. నాలుగుసార్లూ ఫోన్ రాగానే బల్ల మీద ఒక సగం గీత గీసింది. ఇళ్ళకు వెళ్ళి చెప్పి వచ్చాక ఆ గీతను పూర్తి చేసింది.

నేను చిన్నప్పటినుంచీ ఆ బల్లను చూస్తున్నాను. ఆ సగం గీతను ఎన్నడూ గమనించలేదు.

"ఆ సగం గీత ఏంటండీ?" అని అడిగారు సార్.

"బోటు వచ్చిందని నాకు తెలిసిందండీ. ఇంట్లోవాళ్ళకి ఇంకా తెలవలేదు. అందరికీ చెప్పొచ్చాకే నిండు గీత."

"చెప్పకముందే మీరు ఇంకో పనిలో పడితే?"

"సగం గీత కళ్ళకి కనపడతా ఉంటదిగదండీ. కూర్చోనీదు."

సార్ నా వైపు తిరిగి, "రాసుకో అమ్మా" అన్నారు. పాఠం చెప్పేటప్పటి గొంతు కాదది. ఆయనే ముందు తన సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నారు.

పెద్దమ్మ ఇంకోటి కూడా అడిగింది. ఇంకా లోపల ఎన్ని బోట్లున్నాయో ఒక్క చూపులో తెలియాలంది. అంటే మూడో స్క్రీన్. ఒక స్క్రీన్‌కు కబురు చెప్పించడమే రాలేదు, ఇప్పుడు రెండింటికి చెప్పాలి. సార్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. రెండో స్క్రీన్‌కు మిగతా స్క్రీన్లు ఎవరో, ఎన్ని ఉన్నాయో తెలియనక్కర్లేదు. మార్పు కావలసిన స్క్రీన్లు ముందే ఒక జాబితాలో నమోదు చేయించుకుంటాయి. ఒక బోటు సంగతి మారగానే ఆ జాబితాలో ఉన్న ప్రతిదానికీ కబురు వెళ్తుంది. కబురు అందుకున్న స్క్రీన్ తనలో మారవలసిన ఆ ఒక్క వరసనే మార్చుకుంటుంది. కొత్తగా ఏదీ పుట్టదు. గుర్తు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

పెద్దమ్మ భుజం మీదుగా వంగి ఆ బొమ్మ చూసి, "నేను ఇళ్ళకెళ్ళి చెప్పడం లాంటిదేగా" అంది.

"అదేనండీ. మీరు చేసేదే. మా పుస్తకాల్లో దీనికి ఒక పాఠం మొత్తం ఉంది" అన్నారు సార్. ఆయన ఆ మాట మర్యాదకు అనలేదు. ఆయన మర్యాదకు మాటలనే మనిషి కాదు.

మా ఇంట్లో భోంచేశారు. మెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. వెళ్ళేటప్పుడు పెద్దమ్మకు నమస్కారం పెట్టారు. ఆవిడ కంగారుపడి తడిచేతులు కొంగుకు తుడుచుకుని తిరిగి పెట్టింది.

నాకు ఇంకో పదహారు రోజులు పట్టింది. బోటు పక్కన రెండు మాటలకు బదులు మూడు మాటలు వచ్చాయి. "సముద్రంలో", "వచ్చింది, చెప్పాలి", "చెప్పాం". రెండో స్క్రీన్‌లో సేవ్ నొక్కి వెనక్కి వస్తే మొదటి స్క్రీన్ సిద్ధంగా మారి ఉండేది. లెక్క చూపే మూడో స్క్రీన్‌లో పదకొండు కాస్తా పది అయ్యేది. మొదటిసారి ఫోన్‌లో అలా మారడం చూసినప్పుడు ఆ సెల్ షాపు మెట్ల మీదే కూర్చుండిపోయాను. షాపాయన మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

పెద్దమ్మ ఎప్పటిలాగే పరీక్ష పెట్టింది. ఈసారి ముప్పై సార్లు మార్చింది. ఫోన్ ఎక్కడా ఆగలేదు. అయినా నెల రోజులపాటు బల్ల మీద కూడా రాసింది. రోజూ సాయంత్రం బల్లనూ ఫోన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసేది. నెల తర్వాత కూడా ఆవిడ బల్ల తుడవలేదు. "కరెంటు లేకపోతే ఫోను చచ్చిద్ది. బల్ల చావదు" అంది. బల్ల తుడిచేసిన ఆ సాయంత్రం గుర్తొచ్చి నేను సిగ్గుపడ్డాను.

పచ్చ బోటు సరంగు భార్య దగ్గరికి మాత్రం నేను వెళ్ళలేకపోయాను. పెద్దమ్మే ఆమెను గదికి పిలుచుకొచ్చింది. ఫోన్ ఆమె చేతికిచ్చి, "నువ్వు చూసి సరిగ్గా ఉందను, అప్పుడు ఒప్పుకుంటా" అంది. ఆమె పక్కన కూర్చుని నేను ఒక్కో స్క్రీనూ చూపించాను. తన బోటును సముద్రంలో పెట్టింది, వచ్చిందని మార్చింది, వెనక్కి వెళ్ళి చూసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ చూసింది. చివరికి, "బాగానే చెప్తందే ఇప్పుడు" అని నవ్వింది. ఆ తర్వాత ఆమే రోజూ రావడం మొదలుపెట్టింది. పెద్దమ్మ బందరు నుంచి రావడం ఆలస్యమైన రోజుల్లో ఫోన్ ఆమె ఎత్తేది. రెండేళ్ళకు పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు పెరిగి ఇంటింటికీ తిరగలేకపోయాక, ఆ పని పూర్తిగా ఆమె చేతికి వెళ్ళింది. ఆమె నడక పెద్దమ్మకంటే చురుకు.

ప్రాజెక్టు పరీక్ష రోజున పెద్దమ్మ నాతోపాటు కాలేజీకి వస్తానంది. ఆ రోజు ఎండుచేపల అమ్మకం మానేసి, గదిలో ఫోనూ బల్లా పచ్చ బోటు సరంగు భార్యకు అప్పగించి, మంచి చీర కట్టుకుని, ఫోన్‌ను రుమాలులో చుట్టుకుని నాతో బస్సెక్కింది. బయటి కాలేజీ నుంచి పరీక్షకు ఒక పెద్దాయన వచ్చారు. పొద్దుటినుంచీ ఒకేరకం ప్రాజెక్టులు చూసి అలసిపోయి ఉన్నారు. నా ఫోన్‌లో మూడు చిన్న స్క్రీన్లు చూసి, "ఇంతేనా?" అన్నారు.

సార్ మూలన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు, కల్పించుకోలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దమ్మ లేచింది.

"ఇంతేనండీ" అంది. "దీంట్లో ఒకచోట మార్చితే అన్నిచోట్లా మారిద్ది. అంతకుముందు మారేది కాదు. మారకపోతే ఏమవుద్దో నేను చెప్తా, వింటారా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "చెప్పండమ్మా" అన్నారు. పెద్దమ్మ చెప్పింది. ఆ శనివారం గాలి, వాన, సరుగుడు తోట, కాలికి గీరుకున్న ఆల్చిప్ప, అన్నీ చెప్పింది. తప్పు చేసింది నేనని మాత్రం చెప్పలేదు. "మాకు తెలవక" అంది. ఆ "మాకు"లో తనను కూడా కలుపుకుంది. అది నేను మర్చిపోలేదు. నేనే ముందుకు వచ్చి, "తప్పు నాది సార్. తెలిసీ వదిలేశాను" అన్నాను.

ఆయన మా ఇద్దరినీ చూశారు. తర్వాత ప్రోగ్రాము చూపించమన్నారు. కబురు పంపే ఆ పది పన్నెండు వరసలూ తెరిచి చూపించాను. చదువుతుంటే ఆయన వేలు వరస వెంట కదిలింది. "ఈ రెండో మాట ఎవరి ఆలోచన?" అని అడిగారు, "వచ్చింది, చెప్పాలి" అన్న చోట వేలు ఆపి.

"మా పెద్దమ్మదండీ."

ఆయన మార్కుల కాగితం మీద ఏదో రాసి మడిచారు. బయటికి వస్తూ పెద్దమ్మ, "ఎంతేశారో?" అని నా చెవిలో అడిగింది. తెలియదన్నాను. సార్ మమ్మల్ని గేటు దాకా సాగనంపి, బందరు బస్సు వచ్చేదాకా ఎండలో మాతోపాటే నిలబడ్డారు. బస్సులో కిటికీ పక్కన సీటు పెద్దమ్మకిచ్చాను. గుడివాడ దాటకముందే ఆవిడ ఫోన్ తీసి, రుమాలు విప్పి, పొద్దున తాను అందులో పెట్టుకున్న బోట్లలో ఏవేవి సముద్రంలో ఉన్నాయో చూసుకోవడం మొదలుపెట్టింది.